ఆదోని అమ్మాయి జాహ్నవి కేసు: సియాటిల్ నగరం 29 మిలియన్ డాలర్లకు సెటిల్ చేసుకుంది, దీని మీద మీరేమంటారు?

#1 తుంగభద్ర (ఆదోని)

వార్త చాలామంది చూసే ఉంటారు. జాహ్నవి కందుల కుటుంబం వేసిన దావాలో సియాటిల్ నగర ప్రభుత్వం 29 మిలియన్ డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. మన లెక్కలో సుమారు 260 కోట్ల రూపాయలు. మా ఊరి వాట్సాప్ గ్రూపుల్లో వేరే మాటే లేదు. కొందరు పోనీలే, ఏదో ఒకటి తేలింది అంటున్నారు. ఇంకొందరు "చివరికి డబ్బుకు లొంగిపోయారు" అని నోటికొచ్చింది రాస్తున్నారు. అది చదివి కడుపు మండి ఈ థ్రెడ్ మొదలుపెడుతున్నాను.

మర్చిపోయినవాళ్ల కోసం క్లుప్తంగా. 2023 జనవరి 23 రాత్రి ఆ అమ్మాయి క్రాస్‌వాక్ మీద రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్దింది. వయసు 23, నార్త్ ఈస్టర్న్ యూనివర్సిటీ సియాటిల్ క్యాంపస్‌లో మాస్టర్స్ చదువుతోంది. అది గంటకు 25 మైళ్లు దాటకూడని రోడ్డు. ఆఫీసర్ కెవిన్ డేవ్ ఎవరో డ్రగ్స్ ఎక్కువై పడిపోయారన్న కాల్‌కి వెళ్తూ 74 మైళ్ల దాకా లాగాడు, గుద్దేటప్పటికి 63 ఉంది. అంటే మన లెక్కలో గంటకు వంద కిలోమీటర్లు, ఊరి మధ్యలో. పాప 138 అడుగుల దూరంలో పడింది.

తర్వాత ఏమైంది? 2024 ఫిబ్రవరిలో కింగ్ కౌంటీ ప్రాసిక్యూటర్ క్రిమినల్ కేసు పెట్టడానికి సాక్ష్యం చాలదన్నారు. అతనికి పడింది 5,000 డాలర్ల ట్రాఫిక్ జరిమానా. అంతే. జైలు లేదు, విచారణ లేదు. ఆ తలుపు మూసుకుపోయాక తల్లిదండ్రులకు మిగిలింది సివిల్ దావా ఒక్కటే. దాన్ని లొంగిపోవడం అంటే ఎలా?

#2 రాఘవ_సియాటిల్

తుంగభద్ర అన్నా, థ్రెడ్ పెట్టి మంచి పని చేశారు. నేను రోజూ ఆఫీసుకు వెళ్లేది ఆ చుట్టుపక్కలే. డెక్స్టర్ అవెన్యూ, థామస్ స్ట్రీట్ కలిసే చోటు. అది హైవే ఏమీ కాదు. సౌత్ లేక్ యూనియన్ అంటే అమెజాన్ ఆఫీసులు, అపార్టుమెంట్లు, పక్కన సైకిళ్ల లేను, మెడలో బ్యాడ్జీ వేసుకుని కాఫీ పట్టుకుని నడిచే జనం, అందులో మనవాళ్లు ఎంతమందో. అక్కడ 40 మైళ్ల మీద బండి వస్తేనే అందరూ తలెత్తి చూస్తారు. 74 అంటే, రోడ్డు మీద కాలు పెట్టేముందు చూసినా దూరంగా ఉన్న కారు రెండో అడుగుకి మీద పడుతుంది. లైట్లు వేశాడు కానీ సైరన్ ఆపకుండా మోగించలేదు, కూడళ్ల దగ్గర కొద్దిగా కొట్టి వదిలాడు.

ఇక్కడ జనాన్ని బాగా కదిలించింది మాత్రం ఆ వీడియో. డేనియల్ ఆడరర్ అనే ఆఫీసర్, పోలీసు యూనియన్ ఉపాధ్యక్షుడు, ఆ రాత్రి యూనియన్ అధ్యక్షుడితో ఫోన్లో మాట్లాడుతూ నవ్వాడు. 11,000 డాలర్ల చెక్కు రాసేస్తే సరిపోతుంది, ఎలాగూ 26 ఏళ్లు, ఆమె విలువ పరిమితమే అన్నాడు. వయసు కూడా తప్పే. ఒంటి మీది కెమెరా ఆపలేదు కాబట్టి అంతా రికార్డయింది. 2023 సెప్టెంబరులో అది బయటికొచ్చాక మనవాళ్లే కాదు, సియాటిల్ జనమే రోడ్డు మీదికొచ్చారు.

లాయర్లు ఎలా మాట్లాడతారో ఎగతాళి చేశానని అతను సంజాయిషీ ఇచ్చుకున్నాడు. 2024 జులైలో ఉద్యోగం పోయింది. గుద్దిన ఆఫీసర్‌ని మాత్రం 2025 జనవరిలో తీసేశారు, దాదాపు రెండేళ్లకు.

#3 తుంగభద్ర

అవును. అందుకే 2024 సెప్టెంబరులో దావా వేసినప్పుడు 110 మిలియన్ డాలర్లు, దాని మీద 11,000 డాలర్లు అడిగారు. ఆ 11,000 ఎందుకు కలిపారో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

#4 చలపతి_60 (విజయవాడ)

కుటుంబం బాధ గురించి నేను ఒక్క మాట కూడా అనను. కానీ నా ప్రశ్న వేరే. 110 అడిగి 29కి ఒప్పుకున్నారంటే, కోర్టులో జ్యూరీ ముందు పోరాడి ఉంటే ఇంకా ఎక్కువ వచ్చేదేమో, పైగా తప్పు మాదేనని తీర్పు వచ్చేది కదా? సెటిల్‌మెంట్ అంటే సాధారణంగా తప్పు ఒప్పుకోరు. డబ్బు పారేసి ఫైలు మూసేస్తారు. నాకు అదే మింగుడు పడటం లేదు.

#5 వకాల్తా (కర్నూలు)

చలపతి గారూ, న్యాయమైన ప్రశ్న. నేను ఇక్కడ ప్రాక్టీసు చేస్తాను. అమెరికా లా నా వృత్తి కాదు, అయినా ఈ కేసును మొదటి నుంచీ చదువుతున్నాను కాబట్టి వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

దావాలో అడిగే అంకె వేరు, జ్యూరీ ఇచ్చేది వేరు, అప్పీల్లో నిలబడేది వేరు. జ్యూరీ ఎంతిచ్చినా నగరం అప్పీలుకు వెళ్తే ఇంకో రెండు మూడేళ్లు. అంతకాలం ఆ తల్లిదండ్రులు ప్రతి వాయిదాకీ కూతురి చావును మళ్లీ వినాలి, ఆ వీడియో కోర్టు హాల్లో ఎన్నిసార్లు వేస్తారో తెలియదు. అవతలి లాయరు ఊరుకోడు. ఆ అమ్మాయి చూసుకుని దాటాల్సింది, చెవిలో ఏం పెట్టుకుంది, ఇలాంటివన్నీ తవ్వుతాడు. వాషింగ్టన్ రాష్ట్రంలో బాధితురాలిది ఇంత శాతం తప్పు అని జ్యూరీ అంటే అంత శాతం పరిహారం కోసేస్తారు. అదంతా తూకం వేసుకునే ఒప్పుకుంటారు ఎవరైనా.

ఇంకోటి, చాలామంది దీన్ని సివిల్ రైట్స్ కేసు అంటున్నారు. పౌరహక్కుల కోణం ఉన్న మాట నిజమే కానీ దావా నడిచింది ప్రధానంగా రాష్ట్ర చట్టం కింద, నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణం అని, కింగ్ కౌంటీ సుపీరియర్ కోర్టులో. దానికి గట్టి కారణం ఉంది. అక్కడ ఫెడరల్ పౌరహక్కుల దావా 1871 నాటి చట్టం కింద వేస్తారు, సెక్షన్ 1983 అంటారు. 2020లో పోలీసు మెడ మీద మోకాలు పెట్టి చంపిన జార్జ్ ఫ్లాయిడ్ కుటుంబం మినియాపొలిస్ నగరం మీద వేసింది అదే. కానీ ఆ దారిలో రెండు అడ్డంకులు. నగరాన్ని బాధ్యురాలిని చేయాలంటే ఒక ఆఫీసర్ తప్పు చేశాడని చూపిస్తే చాలదు, నగరం పాలసీ వల్లో అలవాటుగా సాగుతున్న పద్ధతి వల్లో జరిగిందని చూపాలి, 1978లో మోనెల్ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన నియమం. రెండోది, పోలీసు బండి వేగం వల్ల మనిషి చనిపోతే వట్టి నిర్లక్ష్యం సరిపోదు, అంతరాత్మ అదిరిపోయే స్థాయి ప్రవర్తన అని నిరూపించాలి, 1998లో శాక్రమెంటో కేసులో చెప్పారు. అదే రాష్ట్ర చట్టం కింద అయితే 25 రోడ్డులో 74 అన్న అంకె ఒక్కటే సగం కేసు గెలిపిస్తుంది. కుటుంబం తరఫు లాయర్లు ఏ తలుపు తెరుచుకుంటుందో ఆ తలుపే తట్టారు.

#6 నీలిమ_హ్యూస్టన్

వకాల్తా గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను, ఇది మనవాళ్లకి అసలు తెలియని సంగతి. ఇదే ప్రమాదం 2019కి ముందు జరిగి ఉంటే ఆ తల్లిదండ్రులకు ఈ దావా వేసే అర్హతే ఉండేది కాదు!

వాషింగ్టన్‌లో 1909 నాటి చట్టం ఒకటి ఉండేది. పెళ్లికాని పెద్దపిల్లలు చనిపోతే తల్లిదండ్రులు కేసు వేయాలంటే వాళ్లు ఆ పిల్లల సంపాదన మీద ఆధారపడి ఉండాలి, పైగా అమెరికాలో నివాసం ఉండాలి. అంటే ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన మన పిల్లల ప్రాణానికి చట్టం లెక్కలో దాదాపు సున్నా. 2015లో సియాటిల్ అరోరా బ్రిడ్జి మీద రైడ్ ద డక్స్ అనే టూరిస్టు వాహనం బస్సును గుద్దింది, చనిపోయినవాళ్లలో వేరే దేశాల నుంచి వచ్చిన విద్యార్థులు ఉన్నారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి కొట్లాడితే 2019లో చట్టం మార్చారు, నివాసం షరతు, ఆధారపడే షరతు తీసేశారు. ఆ అంతర్జాతీయ విద్యార్థుల కుటుంబాల కన్నీళ్ల మీద నిలబడి ఉంది ఇవాళ్టి 29 మిలియన్. ఇది తెలిశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

#7 రాఘవ_సియాటిల్

నీలిమ గారూ, ఇన్నేళ్లు ఇక్కడున్నా నాకే తెలియదు ఇది.

#8 చలపతి_60

చట్టం సంగతి అర్థమైంది, ధన్యవాదాలు. అయినా నా బాధ తీరలేదు. ఆ డబ్బు గుద్దినవాడి జేబులోంచి పోదు, నవ్వినవాడి జేబులోంచి పోదు. సియాటిల్ జనం కట్టిన పన్ను, ఇన్సూరెన్స్ డబ్బు. వీళ్లకేం బుద్ధొస్తుంది?

#9 వకాల్తా

నిజమే. 29లో దాదాపు 20 మిలియన్లు ఇన్సూరెన్స్ భరిస్తుందని వార్తల్లో ఉంది. ఆఫీసర్లు సొంత డబ్బు కట్టడం అమెరికాలో చాలా అరుదు. కానీ ఇన్సూరెన్స్ కంపెనీ ఊరికే కట్టి ఊరుకోదు సార్, వచ్చే ఏడాది ప్రీమియం పెంచుతుంది, కవరేజీ తగ్గిస్తుంది, మీ పోలీసులు ఎమర్జెన్సీలో ఎంత స్పీడులో వెళ్లొచ్చో రూల్స్ చూపించమంటుంది. కౌన్సిల్ మీటింగులో బడ్జెట్ దగ్గర ఆ లెక్క మాట్లాడినంతగా మనిషి బాధ మాట్లాడదు. చేదుగా ఉన్నా అది నిజం.

#10 నీలిమ_హ్యూస్టన్

ఇక్కడే నేను కాస్త వేరుగా ఆలోచిస్తాను. డబ్బు తీసుకోవడం తప్పు కాదు, కానీ సెటిల్‌మెంట్ కాగితంలో డబ్బు కాక ఇంకేం రాయించుకున్నారు అన్నదే అసలు సంగతి. పోలీసులు సెర్చ్ వారెంటుతో ఇంట్లోకి దూరి కాల్చి చంపిన బ్రియానా టేలర్ కేసు చూడండి. 2020 సెప్టెంబరులో లూయిస్‌విల్ నగరం ఆమె తల్లికి 12 మిలియన్లు ఇచ్చింది, దాంతోపాటు సెర్చ్ వారెంట్లు కోర్టుకు వెళ్లేముందు పై అధికారి చూసి ఆమోదించాలి, పోలీసులకు తోడు సోషల్ వర్కర్లు ఉండాలి, తాము పనిచేసే పేటల్లోనే పోలీసులు ఇళ్లు తీసుకునేలా ప్రోత్సాహకాలివ్వాలి, ఇవన్నీ ఒప్పందంలో భాగం. ఆ తల్లి డబ్బు అంకె దగ్గర ఆగి ఉంటే ముందే ముగిసిపోయేది.

దీనికి తలకిందులు షికాగో. లక్వాన్ మెక్‌డొనాల్డ్ అనే 17 ఏళ్ల కుర్రాణ్ని పోలీసు 16 సార్లు కాల్చాడు. 2015 ఏప్రిల్‌లో, కుటుంబం కోర్టుకు ఎక్కకముందే, నగరం 5 మిలియన్లకు సెటిల్ చేసుకుంది. వీడియో మాత్రం బయటికి రానివ్వలేదు. నవంబరులో జడ్జి ఆర్డరు వేస్తే గానీ జనం చూడలేదు. అలాంటి సెటిల్‌మెంట్లు చూసినప్పుడే చలపతి గారి కోపం నాకూ వస్తుంది. జాహ్నవి కేసులో తేడా ఏంటంటే వీడియో ముందే బయటికొచ్చింది, వేగం లెక్కలు బయటికొచ్చాయి, ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి, ఆ తర్వాతే డబ్బు. దాచిపెట్టడానికి ఇచ్చిన డబ్బు కాదది.

#11 సరస్వతి (నిజామాబాద్)

నేను ఎప్పుడూ చదివి వెళ్లిపోతాను, ఇవాళ రాయకుండా ఉండలేకపోతున్నాను. మా అబ్బాయి డల్లాస్ దగ్గర చదువుతున్నాడు. రాత్రి లైబ్రరీ నుంచి నడిచి రూముకి వస్తాడు, వచ్చేదాకా మెసేజ్ కోసం ఫోను చేతిలోనే పెట్టుకుని కూర్చుంటాను, మాకప్పుడు తెల్లవారి ఉంటుంది. ఆ తల్లి గురించి ఎవరైనా డబ్బుకు లొంగింది అంటే వాళ్లు బిడ్డను కని పెంచినవాళ్లు కాదనుకుంటాను. ఇద్దరం లోన్ల మీద సంతకాలు పెట్టి పంపుతాం, ఆ లోను పిల్ల పోయినా మాఫీ కాదు నాయనా.

ఒకటే అడుగుతున్నాను. ఏదైనా జరగరానిది జరిగితే, దేవుడు వద్దు, మాలాంటివాళ్లం ఇక్కడ కూర్చుని ఏం చేయగలం? ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

#12 అడ్మిన్

అందరికీ విన్నపం. ఆ కుటుంబం ఇంటి వివరాలు, ఫోటోలు, ఎవరు ఏం ఉద్యోగం చేస్తారు లాంటివి ఇక్కడ పెట్టొద్దు. అలాంటి పోస్టులు రెండు తీసేశాను. చర్చ కొనసాగించండి.

#13 వకాల్తా

సరస్వతమ్మ గారూ, మీ అబ్బాయి చల్లగా ఉండాలి. అయినా అడిగారు కాబట్టి చెప్తాను, తెలుసుకోవడం మంచిదే.

మొదటిది, అన్నీ రాష్ట్రాన్ని బట్టి మారతాయి. సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రం 1960ల్లోనే ప్రభుత్వాల మీద మామూలు మనుషుల మీద వేసినట్టే దావా వేసుకోవచ్చని చట్టం చేసింది, పరిహారానికి పైపరిమితి లేదు. మీ డల్లాస్ ఉన్న టెక్సస్ అలా కాదు. అక్కడ నగరం ఉద్యోగి బండి నడుపుతూ నిర్లక్ష్యంతో చంపినా రాష్ట్ర చట్టం కింద నగరం ఇచ్చేది ఒక మనిషికి 250,000 డాలర్లకు మించదు. అదే సంఘటన, అదే పాప, ఇంకో రాష్ట్రం అయితే 29 మిలియన్ కాదు, అందులో వందో వంతు కూడా రాదు. ఎంత అన్యాయమో చూడండి.

రెండోది గడువు. దావా వేయడానికి వాషింగ్టన్‌లో మూడేళ్లు, టెక్సస్‌లో రెండేళ్లు. దానికంటే ముందు నగరానికి నోటీసు ఇవ్వాలి. వాషింగ్టన్‌లో క్లెయిమ్ ఫారం ఇచ్చి 60 రోజులు ఆగాకే కోర్టుకు వెళ్లాలి. టెక్సస్‌లో ఆరు నెలల్లోపు నోటీసు, కొన్ని నగరాల్లో ఇంకా తక్కువ. మనవాళ్లు కర్మకాండలు, శవాన్ని తెప్పించుకోవడం, బంధువుల పరామర్శ, వీటిలో మూడు నెలలు గడిపేస్తారు, ఆ తర్వాత షాక్ నుంచి తేరుకునేసరికి గడువు దాటిపోతుంది.

మూడోది, లాయరుకి ముందు డబ్బు కట్టక్కర్లేదు. ఇలాంటి కేసుల్లో గెలిస్తేనే ఫీజు, సాధారణంగా వచ్చినదాంట్లో మూడో వంతు నుంచి నలభై శాతం దాకా. కాబట్టి 29 మిలియన్లూ కుటుంబానికే పోతాయని లెక్కేసేవాళ్లు ఆ సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి.

#14 రాఘవ_సియాటిల్

ఇన్సూరెన్స్ ఏజెంట్లు, లాయర్ల తరఫు మనుషులు దుఃఖంలో ఉన్నప్పుడే ఫోన్లు చేస్తారమ్మా, తొందరపడి ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. ఇక్కడి తెలుగువాళ్లని ఎవరినైనా పట్టుకుని ఇద్దరు ముగ్గురు లాయర్లతో మాట్లాడించాకే.

#15 కడప_కిరణ్

మన దగ్గర అయితే ఏమయ్యేది? పోలీసు జీపు గుద్ది ఇంజినీరింగ్ పిల్ల చనిపోతే?

#16 వకాల్తా

కిరణ్, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో వేస్తాం. లెక్క కట్టే సూత్రం 2009 సరళా వర్మ తీర్పులో ఉంది. సంపాదన ఎంతో చూస్తారు, పెళ్లికాని వాళ్లయితే సగం సొంత ఖర్చుల కింద కోసేస్తారు, మిగిలినదాన్ని వయసును బట్టి హెచ్చిస్తారు. 21 నుంచి 25 మధ్య అయితే 18తో. విద్యార్థి అయితే ఊహించిన జీతం మీద కొట్లాట. మన లెక్కలో ప్రాణం అంటే జీతం. బాధకు, తల్లిదండ్రుల ఒంటరితనానికి వేసేది నామమాత్రం.

పోలీసుల చేతిలో హక్కుల ఉల్లంఘన జరిగితే మాత్రం హైకోర్టుకో సుప్రీంకోర్టుకో నేరుగా రిట్ వేయొచ్చు. 1983 రుదుల్ షా కేసులో, నిర్దోషి అని తేలాక కూడా 14 ఏళ్లు జైల్లో ఉంచినందుకు 30,000 రూపాయలు ఇప్పించారు. 1993లో నీలబతి బెహరా కేసులో కస్టడీలో చనిపోయిన కొడుకు కోసం ఆ తల్లికి లక్షన్నర.

మన జిల్లా కేసే ఒకటుంది, కొత్త లాయర్లకు నేను తప్పకుండా చెప్తాను. 1977లో కోవెలకుంట్ల సబ్ జైల్లో ఉన్న తండ్రీకొడుకుల మీద రాత్రిపూట బాంబులు వేశారు. తండ్రి చనిపోయాడు. ప్రాణభయం ఉందని ముందే చెప్పుకున్నా కాపలా పెంచలేదు. కొడుకు ప్రభుత్వం మీద దావా వేస్తే, సార్వభౌమాధికారం కింద చేసిన పనికి మేం బాధ్యులం కాదని ప్రభుత్వం వాదించింది. కింది కోర్టు కొట్టేసింది. 1989లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, జీవించే హక్కును హరిస్తే ఆ వాదన చెల్లదని 1,44,000 రూపాయలు ఇప్పించింది. ప్రభుత్వం అక్కడితో ఆగకుండా సుప్రీంకోర్టు దాకా పోయింది, 2000లో అక్కడా ఓడిపోయింది. లక్షా నలభై నాలుగు వేల కోసం ఇరవై మూడేళ్లు. ఆ ప్రభుత్వం లాయర్లకే అంతకంటే ఎక్కువ ఖర్చు పెట్టి ఉంటుందని నా నమ్మకం.

#17 తుంగభద్ర

కోవెలకుంట్ల కేసు విన్నాను గానీ ఇన్ని వివరాలు తెలియవు. ఆదోని, కోవెలకుంట్ల, రెండూ ఉమ్మడి కర్నూలు జిల్లానే. ఒకరికి సొంత ప్రభుత్వంతో ఇరవై మూడేళ్లు, ఇంకొకరికి పరాయి దేశపు నగరంతో మూడేళ్లు.

#18 చలపతి_60

వకాల్తా గారూ, ఇవన్నీ చదివాక ఒకటి మాత్రం ఒప్పుకుంటాను, ఆ కుటుంబాన్ని ఎవరూ వేలెత్తి చూపకూడదు. నా కోపం ఆ నగరం మీదే, అది అలాగే ఉంటుంది. క్షమించండి అన్న మాట ఎవరైనా ఆ తల్లికి ఎదురుగా కూర్చుని చెప్పాలి.

#19 నీలిమ_హ్యూస్టన్

అందులో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను చలపతి గారూ. 2015లో అలబామాలో మాడిసన్ అనే ఊళ్లో గుజరాత్ నుంచి మనవణ్ని చూసుకోవడానికి వచ్చిన ఒక తాతగారిని, ఫుట్‌పాత్ మీద నడుస్తున్నందుకు, పోలీసు నేలకేసి కొట్టాడు, ఆయన ఒళ్లు సగం చచ్చుబడిపోయింది. ఇంగ్లిష్ రాదు, పాపం. ఆ ఆఫీసర్ మీద క్రిమినల్ కేసు రెండుసార్లు జ్యూరీ తేల్చలేక ఆగిపోయి చివరికి జడ్జి కొట్టేశారు. అది అచ్చమైన పౌరహక్కుల దావా. సెటిల్ అయింది 2021లో, 1.75 మిలియన్లకు. ఆరేళ్లు. అప్పుడు మనం ఎంతమందిమి దాని గురించి మాట్లాడాం? గుజరాతీ వాళ్ల సంగతి అనుకుని వదిలేశాం. ఈసారి మన అమ్మాయి అని కాకుండా, ఏ పిల్లకి జరిగినా ఇలాగే అడగాలి.

#20 సరస్వతి (నిజామాబాద్)

వకాల్తా గారూ, మీరు చెప్పినవి నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. ఇంకొక్కటి. కేసు వేయాల్సి వస్తే మేం అక్కడికి వెళ్లాల్సిందేనా? వీసా లేకపోతే?

#21 వకాల్తా

వెళ్లక్కర్లేదమ్మా. చనిపోయినవారి తరఫున కోర్టు ఒకరిని ప్రతినిధిగా నియమిస్తుంది, దావా ఆ ప్రతినిధి పేరు మీదే నడుస్తుంది. అక్కడున్న బంధువో, నమ్మకమైన స్నేహితుడో, లేదా లాయరు సూచించిన మనిషో ఉండొచ్చు. మీరు ఇక్కడి నుంచి ఇచ్చే పత్రాలు నోటరీ చేయించి, రాష్ట్రంలో అటెస్ట్ చేయించి, విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర (పత్రం అసలైనదేనని వేరే దేశానికి చూపించే ధ్రువీకరణ) వేయించాలి. ఇక తల్లిదండ్రుల సాక్ష్యం కావాలంటే ఈమధ్య వీడియోలోనే తీసుకుంటున్నారు. మీ అబ్బాయి పాస్‌పోర్టు కాపీ, ఐ-20 (విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం), యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు ఫోన్ నంబరు, రూమ్మేట్ల నంబర్లు ఇద్దరివైనా మీ దగ్గర ఉంచుకోండి. కేసుల కోసం కాదు, వాడికి జ్వరం వచ్చినా పనికొస్తాయి.

#22 రాఘవ_సియాటిల్

సరస్వతి గారూ, మీ అబ్బాయి ఏ యూనివర్సిటీయో నాకు ప్రైవేటుగా మెసేజ్ పెట్టండి. డల్లాస్‌లో మా పెద్దమ్మ కొడుకు ఉన్నాడు, క్యాంపస్‌కి దగ్గరైతే నంబర్ ఇప్పిస్తాను.